కుర్చీ ఉంది, మైకు ఏది? అమెరికాలోని తెలుగు సంఘాలకు బహిరంగ లేఖ

అమెరికాలోని తెలుగు సంఘాల అధ్యక్షులకు, కార్యవర్గ సభ్యులకు, మహాసభల కన్వీనర్లకు,

నమస్కారం.

2016లో దీపావళి స్టాంపు వచ్చింది, గుర్తుందా? బంగారు రంగు మీద వెలుగుతున్న ప్రమిద. అక్టోబర్ 5న న్యూయార్క్‌లో మన కాన్సులేట్‌లోనే విడుదల చేశారు. దానికోసం భారతీయులందరం ఎన్నేళ్లు అడిగామో, ఎన్ని సంతకాలు పోగేశామో మీకు నేను చెప్పక్కర్లేదు. గుడి బయట చెప్పుల స్టాండ్ పక్కన బల్ల వేసుకుని, ప్రసాదం తిని వచ్చేవాళ్ల చేత చేతులు కడుక్కోకముందే సంతకాలు పెట్టించినవాళ్లలో నేనూ ఉన్నాను. కొన్ని కాగితాల మీద చక్కెర పొంగలి నెయ్యి మరకలు అలాగే ఉండిపోయాయి. అలాగే పంపేశాం. స్టాంపు చేతికొచ్చిన రోజున, పండగ మన ఇంట్లోంచి ఈ దేశపు కవరు మీదికి ఎక్కినట్టనిపించింది.

నాలుగు నెలలు తిరిగాక మా పెద్దమ్మాయి పెళ్లి శుభలేఖలు పోస్టు చేయాల్సి వచ్చింది. దీపావళి స్టాంపులు అంటిద్దామని వెళ్తే మా పోస్టాఫీసులో అయిపోయాయి. కౌంటర్‌లో ఉన్న నల్లజాతి మహిళ, కొత్తగా వచ్చాయంటూ ఒక షీటు తీసి ముందు పెట్టింది. ఇరవై స్టాంపులు, అన్నిటి మీదా టోపీ పెట్టుకున్న ఒక పెద్దావిడ. పెళ్లి కదా, పువ్వుల బొమ్మలున్నవి ఏమైనా ఉన్నాయా అని అడిగాను. ఆమె నన్నొకసారి చూసి, "ఈవిడ ఎవరో తెలుసా?" అంది. తెలియదన్నాను. నా వెనక లైను ఉంది. "డాక్టర్ హైట్" అని మాత్రం చెప్పి పువ్వుల షీట్లు ఇచ్చింది. నాకెందుకో సిగ్గేసి, ఆ టోపీ ఆవిడ షీటు కూడా ఒకటి కొన్నాను. స్టాంపు 49 సెంట్లు, షీటు 9 డాలర్ల 80 సెంట్లు. ఇంటికొచ్చి సొరుగులో పడేశాను. ఆవిడెవరో తెలుసుకోవడానికి నాకు ఇంకో రెండేళ్లు పట్టింది. చివరికి తెలిసిందీ మన వేదిక వల్లే, అందుకే ఈ ఉత్తరం మీకు రాస్తున్నాను.

జరిగింది చెప్తాను. ఏ ఊరు, ఏ సంఘం అన్నది వదిలేయండి. ఎక్కడైనా జరిగేదే. నేను ఆ ఏడాది సాంస్కృతిక విభాగంలో ఉన్నాను. ఉగాదికి మూడు నెలల ముందు నుంచీ మా బేస్‌మెంట్‌లో పిల్లల డాన్సు రిహార్సల్స్. ఆరుగురం కలిసి నాలుగు వందల మందికి పులిహోర కలిపాం. ఆ రోజు వేదిక మీద పదమూడు కుర్చీలు వేస్తే పదకొండింటిలో మగవాళ్లు, రెండింటిలో మేమిద్దరం. నాతో "రెండు మాటలు" మాట్లాడిస్తామన్నారు. రాత్రి కూర్చుని రాసుకున్నాను, మడత పెట్టి పర్సులో పెట్టుకున్నాను. ఒక్కొక్కరే లేచారు. స్పాన్సర్లు మాట్లాడారు, స్పాన్సర్ల బావమరిది మాట్లాడాడు. నా వంతు వచ్చేసరికి వ్యాఖ్యాత దగ్గరికొచ్చి చెవిలో, "అక్కా, టైమైపోయింది, ఏమీ అనుకోకండి, జ్యోతి వెలిగించింది మీరేగా" అన్నాడు. ఫొటోకి నిలబడ్డాను. శాలువా కప్పారు. ఆ కాగితం పర్సులోంచి తీయనే లేదు.

ఆ రాత్రి మా చిన్నమ్మాయి కారులో, "అమ్మా, నీ కథ మార్చ్ ఆన్ వాషింగ్టన్‌లో డోరతీ హైట్ కథ లాగే ఉంది" అంది. అది అప్పుడు హైస్కూల్లో ఉంది. నేను ఇంటికి రాగానే సొరుగు తీశాను.

1963 ఆగస్టు 28. నల్లజాతి వాళ్ల హక్కుల కోసం చేసిన వాషింగ్టన్ యాత్ర, అదే మార్చ్ ఆన్ వాషింగ్టన్. లింకన్ స్మారకం ముందు రెండున్నర లక్షల మంది. మార్టిన్ లూథర్ కింగ్ తన కల గురించి మాట్లాడిన రోజు, ఆ మాట మనందరికీ తెలుసు. ఆయన అలా మాట్లాడుతున్నప్పుడు అదే వేదిక మీద, కొద్ది దూరంలో కూర్చున్న ఆవిడే డోరతీ హైట్. అప్పటికి ఆరేళ్లుగా నల్లజాతి మహిళల జాతీయ మండలికి అధ్యక్షురాలు. కింగ్‌తో, ఇతర పౌర హక్కుల నాయకులు రాండాల్ఫ్‌తో, రాయ్ విల్కిన్స్‌తో సమానంగా వ్యూహాలు వేసిన నాయకురాలు. ఆ రోజు ప్రధాన ప్రసంగాల్లో ఒక్కటీ ఆడదానికి ఇవ్వలేదు. డైసీ బేట్స్ అనే పౌర హక్కుల కార్యకర్త చేత కొన్ని వాక్యాలు చదివించారు, అంతే.

ముందే అడగలేదా అంటారేమో. అడిగారు. యాత్ర నిర్వాహక సంఘంలో ఉన్న ఒకే ఒక్క మహిళ ఆనా ఆర్నాల్డ్ హెడ్జ్‌మన్, ఆడవాళ్లు మాట్లాడకపోతే ఎలాగంటూ కాగితం రాసిచ్చారు. డోరతీ హైట్ కూడా పట్టుబట్టారు. వచ్చిన జవాబేంటంటే, మాట్లాడే సంఘాలన్నిటిలోనూ ఆడవాళ్లు సభ్యులుగా ఉన్నారు కదా, వాళ్ల తరఫునా మాట్లాడినట్టే. పైగా మహాలియా జాక్సన్ పాడుతుంది కదా.

ఇది చదివి నేను నవ్వాను. మన సభల్లో ప్రార్థనా గీతం ఎవరు పాడతారో మీకు తెలుసు.

ఇంకో సంగతి. మైకు దొరకని ఈవిడ చిన్నప్పుడే వక్తృత్వంలో దేశస్థాయి విజేత. 1912లో వర్జీనియా రాష్ట్రం రిచ్‌మండ్‌లో పుట్టి, పెన్సిల్వేనియాలో రాంకిన్ అనే ఉక్కు కార్మికుల ఊళ్లో పెరిగిన పిల్ల. అమెరికా రాజ్యాంగం మీద మాట్లాడి పోటీ గెలిచి, కాలేజీకి స్కాలర్‌షిప్ తెచ్చుకుంది. 1929లో న్యూయార్క్‌లో బర్నార్డ్ కాలేజీ సీటిచ్చింది. పెట్టె సర్దుకుని వెళ్తే, ఈ ఏడాది నల్లజాతి అమ్మాయిల కోటా అయిపోయిందన్నారు. కోటా ఎంతో తెలుసా? ఏడాదికి ఇద్దరు. పదిహేడేళ్ల పిల్ల, ఆ సీటు ఇచ్చిన ఉత్తరమే చేత్తో పట్టుకుని సబ్‌వే ఎక్కి న్యూయార్క్ యూనివర్సిటీకి వెళ్లింది. వాళ్లు అక్కడికక్కడే చేర్చుకున్నారు. డిగ్రీ, మాస్టర్స్ రెండూ అక్కడే చేసింది. బర్నార్డ్ వాళ్లు ఆమెను తమ గౌరవ పూర్వ విద్యార్థినిగా చేసుకున్నది 2004లో. అప్పటికి ఆమెకు తొంభై రెండేళ్లు.

కోటా అన్న మాట దగ్గర మనం కాసేపు ఆగాలి. 1946 చట్టం ప్రకారం మొత్తం భారతదేశం నుంచి ఈ దేశంలోకి వలస రానిచ్చే కోటా ఏడాదికి వంద మంది. బర్నార్డ్‌లో ఇద్దరు, ఇండియా నుంచి వంద మంది. లెక్క వేరైనా, లెక్క కట్టిన బుద్ధి ఒకటే. 1964లో పౌర హక్కుల చట్టం, 1965లో ఓటు హక్కు చట్టం వచ్చాక, ఆ ఊపులోనే 1965 అక్టోబర్ 3న స్వేచ్ఛా ప్రతిమ దగ్గర ప్రెసిడెంట్ జాన్సన్ వలస చట్టం మీద సంతకం చేశారు. జాతిని బట్టి కోటాలు పెట్టే పద్ధతి దాంతో పోయింది. డోరతీ హైట్ మన వీసాల కోసం పోరాడారని నేను అనడం లేదు. మనిషిని పుట్టుకను బట్టి లెక్కపెట్టడం తప్పని ఈ దేశానికి ఒప్పించినవాళ్లలో ఆమె ఒకరు. మనం ఆ ఒప్పుకోలులోంచి లోపలికి వచ్చాం.

మా పెదనాన్న గుంటూరు మెడికల్ కాలేజీలో చదివి 1971లో డెట్రాయిట్ వచ్చాడు. ఆయన చెప్పే కథ మీ ఇళ్లలోనూ ఉంటుంది. జేబులో ఎనిమిది డాలర్లు, ఒక్క స్వెట్టరు, మొదటి మంచు. అందులో చదువు ఉంటుంది, కష్టం ఉంటుంది. తలుపు ఎవరు తీశారన్నది మాత్రం ఉండదు. ఆయనే, నేను ఇల్లు కొనుక్కుంటున్నప్పుడు ఫోన్ చేసి, "ఆ ఏరియా వద్దమ్మా, నల్లోళ్లు ఎక్కువ" అన్నాడు. నేను సరేనన్నాను. ఆ సరే అన్నది కూడా ఇక్కడ రాయడం న్యాయం.

మళ్లీ ఆవిడ దగ్గరికొస్తాను. మైకు ఇవ్వలేదని అలిగి కూర్చోలేదు డోరతీ హైట్. యాత్ర జరిగిన మర్నాడే, ఆగస్టు 29న, ఆడవాళ్లనందరినీ కూర్చోబెట్టి "యాత్ర అయింది, ఇక ఏంటి?" అన్న సమావేశం పెట్టారు. పిల్లల చదువు, ఇళ్లు, కూలి, నల్లజాతి ఆడవాళ్ల మీద జరిగే హింస, ఇవన్నీ బల్ల మీదికి వచ్చింది అక్కడ. ఆ తర్వాతి వేసవిలో "మిసిసిపీలో బుధవారాలు" మొదలైంది. నాకు అన్నిటికంటే నచ్చినది ఇదే. ఉత్తరాది నగరాల నుంచి నల్లవాళ్లు, తెల్లవాళ్లు, క్రైస్తవులు, యూదులు కలిసిన ఆడవాళ్ల జట్లు మంగళవారం విమానం దిగేవి. బుధవారం పౌర హక్కుల కార్యకర్తలు నల్లజాతి పిల్లలకు నడిపే ఫ్రీడమ్ స్కూళ్లు చూసి, ఓటర్ల నమోదు చేస్తున్న పిల్లల్ని కలిసి, ఆ ఊరి తెల్ల ఇల్లాళ్ల ఇంట్లో కాఫీ తాగుతూ మాట్లాడేవాళ్లు. గురువారం తిరుగు ప్రయాణం. చేతులకు గ్లవ్స్, తలకు టోపీలు, పేరంటానికి వచ్చినట్టు. పౌర హక్కుల కార్యకర్తల్ని చంపేస్తున్న వేసవి అది. అలాంటప్పుడు పేరంటపు మర్యాదనే అడ్డుపెట్టుకుని లోపలికి వెళ్లారు. పసుపు కుంకాల పిలుపు మీద ఊరంతా కలిసే ఆడవాళ్ల బలం తెలిసిన మనకు ఈ కిటుకు విప్పి చెప్పక్కర్లేదు.

మిసిసిపీలోనే, ఓటు హక్కు కోసం పోరాడిన ఫ్యానీ లూ హేమర్‌తో కలిసి పందుల బ్యాంకు పెట్టించారు. పేద కుటుంబానికి ఒక ఆడపందిని ఇస్తారు, అది ఈనాక కొన్ని పిల్లల్ని బ్యాంకుకి తిరిగి ఇవ్వాలి, అవి ఇంకో ఇంటికి వెళ్తాయి. మన ఊళ్లలో డ్వాక్రా సంఘాలు చూసినవాళ్లు ఎవరైనా దీన్ని ఒక్క క్షణంలో పట్టుకుంటారు.

1957 నుంచి 1997 దాకా నలభై ఏళ్లు ఆ మండలికి ఆమే అధ్యక్షురాలు. 1994లో ప్రెసిడెన్షియల్ మెడల్ ఆఫ్ ఫ్రీడమ్, 2004లో కాంగ్రెస్ బంగారు పతకం. పతకాల జాబితా పొడుగే గానీ నాకు గుర్తుండిపోయింది ఒక మంచు రోజు. 2010 ఫిబ్రవరి, వాషింగ్టన్ మంచులో కూరుకుపోయింది. నల్లజాతి వాళ్ల నిరుద్యోగం గురించి వైట్‌హౌస్‌లో సమావేశం. తొంభై ఏడేళ్ల మనిషి, చక్రాల కుర్చీ. వస్తానని పట్టు. అందరూ మగవాళ్లే కూర్చుని మాట్లాడుకోవడం ఆమెకు ఇష్టం లేదట. కారు ఇంటి ముందుకి రాలేకపోతే తప్ప ఆగలేదు, ఆగి కూడా ఏం చేయాలో చెప్పి పంపారు. ఆ ఏప్రిల్ 20న ఆమె పోయారు. ఆ మంచు రోజు సంగతి అంత్యక్రియల్లో ఒబామా చెప్పారు.

అదే ఏడాది వాషింగ్టన్‌లో యూనియన్ స్టేషన్ దగ్గరి పోస్టాఫీసుకు ఆమె పేరు పెట్టడానికి చట్టం చేశారు. 2017 ఫిబ్రవరి 1న హోవర్డ్ యూనివర్సిటీలో స్టాంపు విడుదలైంది. 1978లో హారియట్ టబ్‌మన్‌తో మొదలైన నల్లజాతి వారసత్వ వరసలో ఇది నలభయ్యోది. థామస్ బ్లాక్‌షియర్ అనే చిత్రకారుడు వేశారు. టోపీ మాత్రం మర్చిపోలేదు. ఆమె టోపీ లేకుండా సభకు వచ్చేవారు కాదు. పక్కన కూర్చున్న కింగ్‌కి 1979లో, రాండాల్ఫ్‌కి 1989లో, విల్కిన్స్‌కి 2001లో స్టాంపులొచ్చాయి. ఈమె వంతు వచ్చేసరికి 2017. వేదిక మీద లాగే. (కింగ్‌కి మన ఇండియా 1969లోనే స్టాంపు వేసింది, ఆయన సొంత దేశం కంటే పదేళ్ల ముందు. ఇది నేను ఎక్కడ చెప్పినా మనవాళ్లు చప్పట్లు కొడతారు. కొట్టాలి కూడా.)

ఆమెకు ఇండియా కొత్త కాదు. 1952లో ఢిల్లీ స్కూల్ ఆఫ్ సోషల్ వర్క్‌లో పాఠాలు చెప్పారు. రాజమండ్రిలో పుట్టి, మద్రాసులో ఆంధ్ర మహిళా సభ పెట్టిన మన దుర్గాబాయి దేశ్‌ముఖ్ ప్రణాళికా సంఘం సభ్యురాలిగా ఢిల్లీలో ఉన్నదీ ఆ రోజుల్లోనే. దుర్గాబాయమ్మ స్టాంపు 1982లో, ఆమె పోయిన ఏడాదికే వచ్చింది. మా అమ్మ దగ్గర ఒకటి ఉండేది, జీవిత బీమా డైరీలో దాచుకుంది.

ఇప్పుడు మీతో పని.

మీ మహాసభల కార్యక్రమ పత్రాలు నేను వరసగా చూస్తూ వస్తున్నాను. ప్రధాన వేదిక మీద ప్రసంగించేవాళ్ల వరసలో మగవాళ్లు. మహిళా విభాగం ఎక్కడో రెండో అంతస్తు గదిలో, సరిగ్గా భోజనాల వేళకి. విషయం "ఇల్లు, ఉద్యోగం, బ్యాలెన్స్". పక్కనే చీరకట్టు పోటీ. ఆ గదిలో డాక్టర్లుంటారు, కంపెనీలు నడిపేవాళ్లుంటారు, గృహహింస కేసుల్లో మన ఆడపిల్లల్ని అర్ధరాత్రి వెళ్లి తెచ్చుకునే వాలంటీర్లుంటారు. వాళ్ల మాట వినేది ఇంకో నలభై మంది ఆడవాళ్లు, చంకలో పిల్లల్ని వేసుకుని. అడిగితే "ఆడవాళ్లే ముందుకు రారమ్మా" అంటారు. వస్తున్నాం. నా పర్సులో కాగితం ఉంది.

కాబట్టి వచ్చే మహాసభలో ప్రధాన వేదిక మీద, పెద్ద జనం ఉన్న వేళ, వందన సమర్పణకీ జ్యోతికీ కాకుండా విషయం మీద మాట్లాడే ఆడవాళ్లు కనీసం సగం మంది ఉండాలి. టైమ్ చాలకపోతే స్పాన్సర్ల బావమరదుల దగ్గర కోసుకోండి. శని, ఆదివారాల తెలుగు బడిలో పిల్లలకు అల్లూరి, ఝాన్సీ లక్ష్మి చెప్తున్నారు, బాగుంది. ఫిబ్రవరి నెలలో ఒక్క తరగతి ఈ టోపీ ఆవిడకి ఇవ్వండి. తెలుగులో చెప్పండి. ఆమె కథ బడిలో ఇంగ్లిషులో విన్న మా అమ్మాయికి, అది నా కథ కూడా అని నా వేదిక వల్ల తెలిసింది. వేరే పిల్లలకి ఇంకాస్త మంచి దారిలో తెలియనివ్వండి.

ఇంకొకటి, ఇది మనకు బాగా చేతనైన పని. స్టాంపు అడగడం మనకు తెలుసు. ఈ దేశంలో ఎవరైనా స్టాంపుకి పేరు సూచించవచ్చు, పౌరుల సలహా సంఘం ఒకటి వాటిని చూస్తుంది. సూచన పోస్టులోనే పంపాలి, కనీసం మూడేళ్ల ముందు. ప్రమిద కోసం అన్ని సంతకాలు పెట్టించినవాళ్లం, మనది కాని ఒక పేరు కోసం కూడా ఒకసారి బల్ల వేద్దాం. నేను అడిగేది ఆనా ఆర్నాల్డ్ హెడ్జ్‌మన్ పేరు. 1899లో పుట్టారు, 1990లో పోయారు. మిన్నెసోటాలో హామ్లిన్ యూనివర్సిటీ నుంచి పట్టా తీసుకున్న మొదటి నల్లజాతి విద్యార్థి. వాషింగ్టన్ యాత్రకు చర్చిల నుంచి వేల మంది తెల్లవాళ్లను కదిలించినవారు. అంతమంది మగవాళ్ల మధ్య ఒక్కతే కూర్చుని, ఆడవాళ్లకు మైకు ఏదని కాగితం రాసిచ్చినవారు.

ఉత్తరం నేను ఇంగ్లిషులో రాసి పెట్టాను, ఒక పేజీ. మీ సంఘాల లెటర్‌హెడ్ల మీద మీ మాటల్లో మీరూ రాయండి, ఒక్కో ఊరి నుంచి ఒక్కో కవరు వెళ్లాలి. నా షీటులో ఇరవైకి పదకొండు స్టాంపులు మిగిలాయి. మా చిన్నమ్మాయి కాలేజీ అప్లికేషన్ల కాలంలో కొన్ని వాడేసింది. వాటి మీద ధర అచ్చు వేయరు, "ఫరెవర్" అని ఉంటుంది. రేటు ఎంత పెరిగినా 49 సెంట్లకు కొన్నది ఇప్పటికీ ఒక ఉత్తరాన్ని చేరవేస్తుంది. నా కవరు మీద ఒకటి అంటించాను. మిగతా పది, ముందుగా ఉత్తరం రాసిన పది సంఘాలకు పంపుతాను.

భవదీయురాలు,
ఒక మాజీ సాంస్కృతిక కార్యదర్శి